ఆగి ఆగి వచ్చే చప్పుడు

తారు కోసే రంపం ఆగగానే దేదీప్యకి ముందు వినిపించింది తన గుండె చప్పుడు. తరవాత ఎవరి పెరట్లోనో కుక్క మొరిగింది, త్రివేణి గారి కారు తలుపు పడింది. చెవిన పడ్డ ప్రతి చప్పుడుకీ ఒక పేరు పెట్టి పక్కన పెట్టేయడం ఈ ఏడాదిలో ఆమెకి పట్టుకున్న జబ్బు. క్లాసులో కూర్చున్నా ఏసీ ఎక్కడ ఎందుకు గొణుగుతోందో వెతుకుతుంది. పడుకుంటే పక్కింటి ఫ్రిజ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చెప్పగలదు. ఇప్పుడు ఈ వీధి మధ్యలో, తనకి రెండు సైజులు పెద్దదైన నారింజరంగు కోటు తొడుక్కుని, తలమీద నిలవని హెల్మెట్ పట్టుకుని, తారు మీద తెల్లసుద్దతో గీసిన చతురస్రాన్ని చూస్తూ నిలబడింది. ఆ చతురస్రం కింద ఎక్కడో ఒక పాత ఇనప పైపు పగిలి నీళ్లు కారుతున్నాయి. అలా అని చెప్పింది తనొక్కతే. ఈ భూమ్మీద ఇంకెవరూ ఆ మాట అనలేదు.

కాలిఫోర్నియాలో డబ్లిన్ కొండలు దాటాక వచ్చే చిన్న ఊరు అది. రెండు వేల పదిహేను ఏప్రిల్. వానలు మొహం చాటేసి నాలుగో ఏడు నడుస్తోంది. ఇళ్ల ముందు పచ్చిక చాపపుల్లల్లా ఎండిపోయింది. కార్లు కడగొద్దని, మొక్కలకి వారానికి రెండుసార్లే నీళ్లు పెట్టమని స్తంభానికో బోర్డు. ఇలాంటి ఊళ్లో, మట్టి కింద ఎవరికీ కనపడకుండా కారిపోయే నీళ్లని చెవితో పట్టుకుంటామని వచ్చింది దేదీప్య వాళ్ల కంపెనీ. ఆఫీసు శాంటా క్లారాలో. అరచేతిలో పట్టే అయస్కాంతం లాంటి యంత్రాన్ని వీధి వాల్వులకి అతికిస్తారు. ఊరంతా పడుకున్న వేళ నుంచి తెల్లవారేదాకా అది పైపు చప్పుడుని రికార్డు చేస్తుంది. ఆ చప్పుళ్లు డేటా టీమ్‌కి వస్తాయి. ఏది లీకు, ఏది కాదు అనేది ఎప్పటికైనా సాఫ్ట్‌వేర్ తనంతట తనే చెప్పాలి. కానీ దానికింకా చెవులు రాలేదు. చెవులు వచ్చేదాకా దానికి పాఠం చెప్పడానికి మనుషులు కావాలి, ఆ మనుషులే వీళ్లు. ఫిజిక్స్ చదివే దేదీప్య, కప్పల అరుపుల మీద పీహెచ్‌డీ చేస్తున్న శశికాంత్, రాళ్లూ నేలలూ చదివే వియత్నాం పిల్ల లిన్, ఇంకో ఇద్దరు. అందరూ సైన్స్ స్టూడెంట్లే, అందరూ పార్ట్ టైమే. క్లాసుకీ క్లాసుకీ మధ్య బస్సెక్కి వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊళ్లో పైపులు వినే ఉద్యోగం.

"చెవులకి జీతమా?" అని రూమ్మేట్ శ్రీవల్లి మొదటిరోజే పడీపడీ నవ్వింది. "మేమేమో కోడ్ రాసి రాసి కళ్లు పోగొట్టుకుంటున్నాం. నువ్వేమో కుళాయిలు వింటావా? ఫిజిక్స్ తీసుకున్నావ్, పిచ్చిదానివి అనుకున్నా. నీకే బాగుందే!" ఆ నవ్వు దేదీప్యకి కోపం తెప్పించలేదు. నిజానికి ఆ ఉద్యోగం ఎంత గొప్పదో ఎవరికీ ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఈ దేశానికి వచ్చిన దగ్గరనుంచీ అందరూ ఆమెని అడిగింది ఒకటే, ఏ లాంగ్వేజ్ వచ్చు, ఏ టూల్ వచ్చు అని. నీకేం వినిపిస్తోంది అని అడిగిన మనిషి డేటా టీమ్‌ని నడిపే త్రివేణి గారొక్కరే. ఇంటర్వ్యూలో ఆవిడ వేరే ప్రశ్నలేం వేయలేదు. హెడ్‌ఫోన్లు చేతికిచ్చి, "వినమ్మా. ఏమనిపిస్తే అది చెప్పు. తప్పయితే నాకేం బాధ లేదు, నటిస్తే మాత్రం నాకు తెలుస్తది" అన్నారు. హనుమకొండలో పుట్టిన మనిషి. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నా ఆ యాస గుండీలు పెట్టుకున్నంత భద్రంగా పెట్టుకున్నారు. దేదీప్య విన్నది. సన్నగా, ఏడుపు ఆపుకుంటున్న పసిపిల్ల ముక్కులోంచి వచ్చే గాలిలా ఉందని చెప్పింది. త్రివేణి గారు ఒక నిమిషం ఆమె మొహంలోకి చూసి, "సోమవారం నుంచి రా" అన్నారు.

పొక్లెయిన్ గొంతు సవరించుకుంది. మేస్త్రీ రామిరో బండి నడిపేవాడికి చెయ్యి ఊపాడు. ఇనప పళ్లు తారు పలకని కొరికి లేపాయి. దుమ్ము, డీజిల్ వాసన, ఎప్పుడో పోసిన కంకర వాసన. దేదీప్య ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ ముందుకే వచ్చింది, ఎందుకంటే వెనక్కి వెళ్లే హక్కు ఆమెకి లేదు. అది త్రివేణి గారి రూలు. ఎవరు విని లీకన్నారో, తవ్వేటప్పుడు వాళ్లు గొయ్యి పక్కన నిలబడాలి, మొదటి కోత నుంచి చివరి పార మట్టి దాకా. గొయ్యి పూడ్చమని చెప్పాల్సింది కూడా వాళ్లే. మేస్త్రీ కాదు, ఊరి ఇంజినీర్ కాదు, కంపెనీ కాదు. "స్క్రీన్ మీద క్లిక్ కొట్టుడు అలవాటైతదమ్మా. చెయ్యి దానంతట అదే కొడతది. క్లిక్ కింద రోడ్డుంటది, రోడ్డు మీద మనుషులుంటరు. ఒక్కసారి గొయ్యి కాడ నిలబడ్డోళ్లు మల్ల ఊకనే కొట్టరు" అన్నారావిడ. వేరే కంపెనీల్లో ఇలా ఉండదని శశికాంత్ చెప్పాడు. అక్కడ లేబుల్ చేసేవాళ్లకి అది ఏ ఊరో, ఏ దేశమో కూడా తెలియదట. ఇక్కడ కూడా వినేటప్పుడు తెలియదు, కావాలనే తెలియనివ్వరు. ప్రతి చప్పుడునీ ముగ్గురు విడివిడిగా వింటారు. వీధి పేరుండదు, మిగతా ఇద్దరూ ఏమన్నారో ఉండదు. వినేటప్పుడు గుడ్డివాళ్లలా వినాలి, తవ్వేటప్పుడు కళ్లు తెరుచుకుని నిలబడాలి. ఈ రెండూ కలిపి ఒకే మనిషికి తట్టడం ఎలా సాధ్యమో దేదీప్య చాలాసార్లు ఆలోచించింది. చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా లేదు.

గొయ్యి మోకాలు లోతయింది. అవతలి గట్టున రాజీవ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరి నీళ్ల శాఖ ఇంజినీర్. ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, ముప్పై కూడా ఉండవు. వాళ్ల అమ్మా నాన్నా త్రివేణి గారికి ఎప్పటినుంచో స్నేహితులు. అదే ఇప్పుడు అతని మెడకి చుట్టుకుంది. తెలిసినావిడ కంపెనీకి ఊరి పైపులు అప్పగించాడని కౌన్సిల్‌లో ఎవరో అననే అన్నారు. అందుకే అందరికంటే కఠినంగా ఉండాల్సి వస్తోంది పాపం. ఫిబ్రవరిలో శశికాంత్ లీకన్న చోట తవ్వితే పొడి గొయ్యి. ఆ చప్పుడు ఒక ఇంటి వెనక ఈతకొలను మోటారుదని తేలింది. అప్పుడే రాజీవ్ చెప్పేశాడు, ఇంకొక్క పొడి గొయ్యి వస్తే చాలు, ఊరు వీళ్లకిచ్చిన ట్రయల్ రద్దు. ఈ ఊరు పోతే వినడానికి నిజం పైపులుండవు. వినడానికి లేనప్పుడు వినేవాళ్లు దేనికి? ఐదుగురూ ఇంటికి. డేటా టీమ్ అనే గది, దాని గోడలకి అతికించిన చప్పుడు మింగే నురగ అట్టలు, టీ కప్పు చల్లారిపోయేదాకా ఒక్క సెకను చప్పుడు గురించి వాదించుకునే ఆ సాయంత్రాలు, అన్నీ ఈ గొయ్యి అడుగున ఉన్నాయి.

"ఆంటీ, నేను ముందే చెప్పాను కదా," అన్నాడు రాజీవ్, ఆ మాట రామిరో ముందు అన్నందుకు వెంటనే చెవులు ఎర్రబడ్డాయి. "ఐ మీన్, త్రివేణీ. డ్రై ఉంటే, దట్స్ ఇట్. నేను ఏం చేయలేను."

"నిన్నేం చెయ్యమన్ననా? చూడు, చాలు" అన్నారు త్రివేణి గారు, థర్మాస్‌లోంచి టీ వంచి అతనికే ఇస్తూ.

ఆవిడ తనవైపు చూడకపోవడం దేదీప్య గమనించింది. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా 'ఖాయమేనా?' అని అడగలేదు. కారులో శాంటా క్లారా నుంచి ఇక్కడిదాకా కాలేజీ గురించి అడిగారు, వెనక సీట్లో ఉన్న శశికాంత్‌ని కప్పల గురించి అడిగారు, వంకాయ ఇక్కడ ఎందుకు చేదుగా ఉంటుందో చెప్పారు. ఈ గొయ్యి మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదేమో. ఎందుకంటే ఖాయమేనా అని అడిగితే దేదీప్య దగ్గర జవాబు లేదు. డేటా టీమ్‌లో చేరిన మొదటి రోజున బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి చెప్పిన పాఠం ఒకటుంది, ఆగేది లీకు కాదు. మనిషి కుళాయి తిప్పితే చప్పుడు మొదలవుతుంది, కట్టేస్తే ఆగుతుంది, అది వాడకం. పచ్చికకి నీళ్లు చల్లే యంత్రం టైముకి మొదలై టైముకి ఆగుతుంది, అదీ వాడకం. పగులుకి మాత్రం సెలవుండదు. రాత్రీ పగలూ ఒకేలా ఏడుస్తూనే ఉంటుంది. కంపెనీలు, పుస్తకాలు, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు అందరూ ఒప్పుకున్న మాట ఇది. దేదీప్య లీకన్న ఈ చప్పుడు ఆగుతుంది. తెల్లవారుజామున మొదలై, కాసేపు నడిచి, కత్తిరించినట్టు ఆగిపోతుంది. శశికాంత్ వాడకం అన్నాడు. లిన్ వాడకం అంది. సాఫ్ట్‌వేర్ ఎటూ అనేది అదే. దేదీప్య లీకంది.

అలాంటప్పుడు ఒక్కరి మాట కొట్టేయరు, అదీ త్రివేణి గారి పద్ధతే. ఆ చప్పుడుని వేరే వందల చప్పుళ్ల మధ్య దాచిపెట్టి, కొన్ని రోజులాగి, మళ్లీ అదే మనిషికి వినిపిస్తారు, చెప్పకుండా. దేదీప్య మళ్లీ లీకంది. మూడోసారి ఇంకో నెల తరవాత వినిపించారు, ఆరోజు ఆమెకి జలుబు, ఒక చెవి దిబ్బడ వేసింది, అయినా లీకంది. అప్పుడు గదిలోకి పిలిచి, "నీకు తెల్వకుండనే మూడుసార్లు ఒక్కటే మాట మీదున్నవ్. ఎందుకు?" అని అడిగారు. "తెలీదండీ. అది... లీకే" అంది దేదీప్య. ఎంత బుద్ధిలేని జవాబు! ఫిజిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్న మనిషి అనాల్సిన మాటేనా? త్రివేణి గారు నవ్వలేదు. ఫోన్ తీసి రాజీవ్‌కి చేసి, "ఇంకొక్క గొయ్యి" అన్నారు. టీమ్ మొత్తాన్ని, తన పదిహేనేళ్ల పేరుని, అతని మాటని, అన్నిటినీ తీసుకెళ్లి ఒక పిల్ల తెలీదు అన్న మాట మీద పెట్టారు. అంత నమ్మకం మోయడం ఎంత కష్టమో ఈ నారింజ కోటు బరువుని బట్టి దేదీప్యకి ఇప్పుడు తెలుస్తోంది.

పొక్లెయిన్ ఆగింది. ఇక పారలు. రామిరో మనుషులు ఇద్దరు లోపలికి దిగారు. పార మట్టిని కోసినప్పుడు వచ్చే చప్పుడు ఆమె చెవులకి పట్టేసింది, కరకర, కరకర, తడి నేల అలా పలకదు, తడి నేల పారని పట్టుకుని చప్ మంటుంది, ఇది కరకరమంటోంది, ఆరిన రొట్టె విరిచినట్టు. చూడకముందే ఆమె చెవి చెప్పేసింది. తరవాత పార ఇనుముకి తగిలి ఖంగుమంది. ఒకతను చేతి తొడుగుతో మట్టి తుడిచాడు. గోధుమరంగు పైపు వీపు కనిపించింది, ఎండలో, ఎముకలా, పొడిగా.

"డ్రై" అన్నాడు రామిరో. గొంతులో ఎగతాళి లేదు. పాపం, అదే ఎక్కువ నొప్పించింది.

రాజీవ్ టీ కప్పు నేలమీద పెట్టాడు. శశికాంత్ గట్టు మీద గొంతుక్కూర్చుని లోపలికి వంగి చూస్తున్నాడు. ఫిబ్రవరిలో అతను నిలబడ్డట్టే ఇప్పుడు పొడి గొయ్యి పక్కన దేదీప్య నిలబడింది. ఆరోజు అతను పూడ్చమని చెప్పడానికి నోరు రాక చాలాసేపు అలాగే ఉండిపోయాడని లిన్ చెప్పింది. అయినా మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందొచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడట. రామిరో మెల్లగా ఆమె పక్కకి వచ్చాడు. అతనికీ రూలు తెలుసు. "మిస్, పూడ్చేయమంటావా?" అని అడిగాడు.

ఒక్క మాట. అవునంటే అయిపోతుంది. ఆమె కడ్డీ అడిగింది. వినడానికి వాడే మామూలు ఉక్కు కడ్డీ, ఒక కొన పైపుకి, ఒక కొన చెవికి. గోతిలోకి దిగి, పైపు మీద ఆనించి, కళ్లు మూసుకుంది. ఏమీ లేదు. పైపు పడుకుంది. నిద్రలో ఉన్నవాళ్ల ఊపిరైనా వినిపిస్తుంది, ఇది అదీ లేకుండా పడుకుంది. ఈ మౌనం తనకి తెలుసు. ఎక్కడ తెలుసు? అమెరికాలో కాదు, ఇక్కడ పైపులు ఎప్పుడూ ఇంత మౌనంగా ఉండవు, ఎప్పుడూ నిండుగా, ఒత్తిడితో, బలిసినట్టు ఉంటాయి. ఈ మౌనం కనిగిరిది. కనిగిరిలో వాళ్ల సందు చివర కుళాయి దగ్గర, బిందెలు వరసలో పెట్టి, ఇవాళ నీళ్లు వస్తాయో రావో తెలియక ఎదురుచూసే పొద్దున్నల మౌనం. పలక పట్టుకునే వయసులో దేదీప్య ఆ పైపుకి చెవి ఆనించి కూర్చునేది. ఎదురింటి వసంతలక్ష్మి పిన్ని, "ఏమ్మే, వస్తన్నయ్యా?" అని గడపలోంచి కేకేసేది. అందరికంటే ముందు ఆ పిల్లకే తెలిసేది, ఎక్కడో దూరాన గాలి కదిలేది, పైపు దగ్గేది, ఒళ్లు విరుచుకునేది, అప్పుడు "వస్తన్నయ్!" అని అరిచేది, సందంతా బిందెలతో పరిగెత్తేది. కుళాయికి కాస్త ఇవతల, కాలవ పక్కన, పైపు అతుకు ఊడి ఉండేది. నీళ్లు వచ్చినంతసేపూ అక్కడ సన్నగా, ముక్కులోంచి గాలి వదిలినట్టు, స్‌స్‌ మంటూ చిమ్మేది. పిల్లలంతా దాని మీద చెయ్యి పెట్టి ఆడుకునేవాళ్లు. నీళ్లు ఆగితే అదీ ఆగేది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎండకి నేల నోరు తెరుచుకుని ఉండేది, అక్కడ అసలు లీకున్నట్టే ఎవరూ అనుకోరు.

నీళ్లు ఆగితే అదీ ఆగేది.

దేదీప్య కళ్లు తెరిచింది. కడ్డీ ఇంకా చెవికే ఉంది. ఎంత తేలిక! తెలీదు అనుకున్న జవాబు ఇన్నాళ్లూ ఆ సందులోనే కూర్చుని ఉంది. ఆగేది లీకు కాదు అని రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. వాళ్ల ఊళ్లలో నీళ్లు ఎప్పుడూ ఆగలేదు, అంతే. ఆగే నీళ్లు ఎలా ఉంటాయో వాళ్లెప్పుడూ వినలేదు. ఆమె విన్నది. కానీ ఈ ఊళ్లో నీళ్లెందుకు ఆగుతాయి? గోతిలోంచే తలెత్తి చూసింది. పైన ఐదారు మొహాలు, వెనక నీలం ఆకాశం.

"రాజీవ్ గారూ, ఈ పైపులో నీళ్లు రోజంతా పారతాయా?"

"ఇది మెయిన్ కదా" అన్నాడు రాజీవ్. "ఆల్వేస్ ఫుల్ ఉంటుంది."

"నిండుగా ఉండటం కాదండీ. పారడం. కదలడం."

అతను కొండవైపు తిరిగాడు. కొండ మీద కొత్త ఇళ్లు వరసలుగా, వాటి పైన ఆకుపచ్చ రంగేసిన గుండ్రటి ట్యాంకు. "ఇది ట్యాంక్‌కి వెళ్తుంది" అన్నాడు నెమ్మదిగా. "పంప్ ఎర్లీ మార్నింగ్ రన్ అవుతుంది. పవర్ అప్పుడు చీప్. తర్వాత పంప్ ఆఫ్, ప్రెషర్ డౌన్. వాటర్ ఊరికే నిల్చుంటుంది."

"గీ ముచ్చట మాకెప్పుడు చెప్పినవ్ రాజీవ్?" అన్నారు త్రివేణి గారు.

"మీరు అడగలేదు కదా, ఆంటీ!"

త్రివేణి గారు నవ్వారు, గట్టిగా, నిజంగా, తల వెనక్కి వేసి. "అడగలే. కరెక్టే. తప్పు మాదే" అన్నారు. టీమ్ కూలిపోయే గోతి పక్కన నిలబడి, తప్పు మాదే అని అంత హాయిగా నవ్వగలిగిన పెద్దవాళ్లని దేదీప్య అంతకుముందు చూడలేదు. నవ్వు ఆగకముందే శశికాంత్ దేదీప్య పక్కకి దూకాడు. గోతిలో, పైపు కింద పరిచిన గులకరాళ్లని చేత్తో తీశాడు.

"ఏయ్ దేదీ, ఇవి చూడు. మట్టేదే?"

రాళ్లు కడిగిన బియ్యంలా తెల్లగా ఉన్నాయి. అరవై ఏళ్లుగా మట్టిలో ఉన్న రాళ్లకి ఒక్క మట్టి గింజ అంటుకుని లేదు. రోజూ నీళ్లు వాటి సందుల్లోంచి పారి మట్టిని మోసుకుపోతే తప్ప అలా ఉండవు. రామిరో కూడా వంగాడు. మొహంలో ఏదో మారింది. ఇనప ఊచ తీసుకుని, పైపు పక్కన, వీధికి ఆనుకుని ఉన్న స్కూలు వైపు గోతి గోడలోకి పొడిచాడు. ఊచ అడ్డం లేకుండా పోయింది. ఇంకా తోశాడు. పిడి దాకా పోయింది. "జీసస్" అన్నాడు గొణుగుతూ. ఆ వైపున, ఇరవై అడుగుల దూరంలో, పసుపురంగు గీతల మధ్య, స్కూలు బస్సు రోజూ ఆగే చోటు.

"పంపు వేయించండి" అంది దేదీప్య. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

రాజీవ్ చేతిలో ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ కరువులో, పట్టపగలు, తెరిచి పెట్టిన గోతి మీదికి ఊరి పంపు ఆన్ చేయించడం. ఏమీ రాకపోతే కౌన్సిల్ ముందు అతని గతేమిటో అందరికీ తెలుసు. అతను త్రివేణి గారి వైపు చూశాడు, ఆవిడ ఏదైనా అంటే బాగుండునన్నట్టు. ఆవిడేమో గొయ్యి ఎవరిదో వాళ్ల వైపు చెయ్యి చూపించారు, అంతే. రాజీవ్ దేదీప్య మొహంలోకి చూసి, ఏం కనిపించిందో ఏమో, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఎవరితోనో వాదించాడు. మొదట మెత్తగా, తరవాత తన ఉద్యోగం పేరు చెప్పి గట్టిగా. రామిరో అందరినీ గోతిలోంచి పైకి రమ్మన్నాడు. దేదీప్యకి చెయ్యి అందించి లాగింది శశికాంత్. అతని అరచేతికి ఆ తెల్లరాళ్ల చల్లదనం ఇంకా ఉంది.

ఇక ఎదురుచూపు. గట్టు మీద బోర్లా పడుకుని, పొడుగాటి కడ్డీని కిందికి దించి, పైపు వీపున ఆనించి, దేదీప్య చెవి పెట్టింది. తారు వేడి పొట్టకి తగులుతోంది. లోకంలోని చప్పుళ్లన్నీ ఒకదాని తరవాత ఒకటి తప్పుకున్నాయి, కుక్క, ఫ్రీవే, రామిరో రేడియోలో సన్నగా స్పానిష్ పాట, ఎవరో దాన్ని కట్టేశారు, మేలు. పైపు మౌనంగా ఉంది. శశికాంత్ కప్పల గురించి చెప్పే మాటొకటి గుర్తొచ్చింది, వాటిని వినాలంటే ముందు నువ్వు చెరువులో భాగమైపోవాలి, నువ్వున్నావని అవి మర్చిపోవాలి అంటాడు. తనుందని పైపు మర్చిపోతే బాగుండు. వస్తాయా? ఈ పంపు ఎంత దూరం? లిన్ ఇప్పుడు క్లాసులో ఉంటుంది, ఫోన్ బల్లకింద పెట్టుకుని. మిగతా ఇద్దరూ హెడ్‌ఫోన్ల గదిలో, పని చేస్తున్నట్టు కూర్చుని, చేయకుండా. వీళ్లందరినీ తను ఎక్కడికి లాక్కొచ్చింది? రాకపోతే ఎవరూ ఒక్క మాట అనరు. శశికాంత్ భుజం తడతాడు. త్రివేణి గారు తిరుగుదారిలో మళ్లీ వంకాయ గురించే మాట్లాడతారు. అదే, అదే భరించలేనిది, ఇంత మంచివాళ్లు...

పైపు దగ్గింది.

దూరాన. కొండ కిందెక్కడో. గొంతులో గరగర, ఒక మూలుగు, తరవాత ఆ పెద్ద ఇనుము మొత్తం ఒళ్లు విరుచుకుంది, కడ్డీలోంచి ఆమె దవడ ఎముకలోకి, పళ్లలోకి పాకింది. ఆమె పెదాలు కదిలాయి. పక్కనే మోకాళ్ల మీద ఉన్న శశికాంత్‌కి వినిపించేంత గట్టిగా, "వస్తన్నయ్" అంది, కనిగిరి గొంతుతో. మోతలోంచి విడిపోయి, దారప్పోగులా, ఆ చప్పుడు మొదలైంది. స్‌స్‌. మూడుసార్లు తనకి తెలియకుండానే గుర్తుపట్టిన చప్పుడు. గోతిలో, గోధుమరంగు వీపు మీద, జుట్టంత గీత ఒకటి తెరుచుకుంది. ముందు పొగమంచులా, తరవాత గొడుగులా, తరవాత ఎండలో తళతళలాడుతూ మనిషి ఎత్తు నీళ్లు పైకి లేచి రాజీవ్ కళ్లద్దాల మీద, త్రివేణి గారి థర్మాస్ మీద, తారు మీద, అందరి మీద పడ్డాయి. గోతి గోడ స్కూలు వైపు ఒక ముద్ద జారింది, వెనకాల ఇంకొకటి. ఆ వెనక చీకటి, రోడ్డు కింద ఒక గదంత చీకటి. పైన తారు పొర పలచగా వేలాడుతోంది, దేని మీదా ఆనుకోకుండా.

"ఆపు! పంప్ ఆపమను!" రామిరో అరిచాడు. మనుషులు పరిగెత్తారు. నారింజ శంకులు వీధికి అడ్డంగా, బస్సు ఆగే చోటు చుట్టూ వరసగా పడ్డాయి. ఎవరో స్కూలుకి ఫోన్ చేస్తున్నారు, బస్సుల్ని వెనక గేటుకి పంపమని, ఇవాళ కాదు, రేపూ కాదు, చెప్పేదాకా అని. నీటి గొడుగు వంగింది, చిన్నదైంది, గీత దగ్గర ఒక్క బుడగ నిలిచి, పగిలి, మూసుకుంది. మళ్లీ మౌనం. రామిరో మోచేత్తో మొహం తుడుచుకుని, దేదీప్య ముందుకొచ్చి, హెల్మెట్ తీసి ఒకసారి తల వంచి వెళ్లిపోయాడు.

రాజీవ్ కదల్లేదు. తడిసిన కళ్లద్దాలు చేతిలో పట్టుకుని కొండవైపు చూస్తున్నాడు. ఒక్క ట్యాంకు కాదు. ఈ కొండకి అవతల ఇంకొకటుంది, ఆ అవతల ఇంకో రెండు. కొత్త ఇళ్లన్నీ కొండల మీదే, అన్ని పైపుల్లోనూ తెల్లవారుజామున తోసి ఆపేసే నీళ్లే.

"ఆంటీ, ఇలా ఆగి ఆగి వచ్చేవి... మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

జవాబు చెప్పింది శశికాంత్. "ఉన్నయ్. బోలెడున్నయ్. అన్నీ వాడకం అని కొట్టేసినం. సగానికి పైన నేనే కొట్టేసిన." ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో సిగ్గు లేదు, ఆకలి ఉంది. దేదీప్య అతన్ని అలా చూడటం అదే మొదటిసారి. "ఇయ్యాల్నే మొదలుపెడదాం. ముందు నావి. మొదటి రోజునుంచి అన్నీ మళ్ల వినాలె. వేరేవాళ్లు వినాలె, నేను కాదు, నా చెవికి తప్పు అలవాటయింది."

"విన్నవా రాజీవ్?" అన్నారు త్రివేణి గారు, కొంగుతో థర్మాస్ తుడుస్తూ. "ట్రయల్ బంద్ అంటవా మరి? ఆర్డర్ నీదే."

రాజీవ్ ఆ మాట విననట్టే ఉన్నాడు. కళ్లద్దాలు చొక్కాకి తుడిచి పెట్టుకుని, గోతిలోని నల్లటి ఖాళీనీ, దాని మీద పసుపు గీతలనీ ఇంకోసారి చూశాడు. ఈ రాత్రి కౌన్సిల్ ముందు ఏం చెప్పాలో అప్పుడే కూడబలుక్కుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"వినేవాళ్లు ఎంతమంది?"

"ఐదుగురం" అంది దేదీప్య.

అతను ఫోన్ తీసి నంబరు నొక్కుతూ తల అడ్డంగా ఊపాడు.

"చాలరు" అన్నాడు.